రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా, ఫోను మోతలు: నిద్రకి వేళ ఎలా కుదర్చాలి?

ఉండి_గట్టు

అందరికీ నమస్కారమండి. పశ్చిమ గోదావరి జిల్లా ఉండి ఊరి దగ్గర మూడు చెరువులు, మొత్తం 6 ఎకరాలు, వెనామీ రకం రొయ్య. ఎకరానికి లక్షన్నర పిల్ల వేశాం. ఈ రోజుకి 62వ రోజు, రొయ్య 10 గ్రాములుంది. మనుషులం ముగ్గురం: నేను, నాన్నగారు (61 ఏళ్ళు, సుగరుంది), చెరువు మీద ఉండే కుర్రాడు.

డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) 4 పీపీఎం, అంటే లీటరుకి 4 మిల్లీగ్రాముల కంటే కిందికొస్తే మీటరు యాప్ మోగుతుంది. కరెంటు పోతే ప్యానెల్ నుంచి కాల్ వస్తుంది. సీసీ కెమెరా గట్టు మీద కుక్క నడిచినా మోగుతుంది. ఇవిగాక రేట్లు, మేత, సీడు, వాతావరణం అంటూ 14 వాట్సాప్ గ్రూపులు. వారం రోజులు కాగితం మీద గీతలు పెట్టి లెక్క చూస్తే రాత్రి 10 నుంచి తెల్లవారి 6 దాకా సగటున 22 మోతలు. లేచి నిజంగా ఏదైనా చేయాల్సినవి వాటిలో ఒకటో రెండో. నిద్ర అంతా కలిపి నాలుగు గంటలు, అదీ ముక్కలుగా.

ఫోను ఆపేస్తే భయం, ఆపకపోతే నిద్ర లేదు. పట్టుబడికి (రొయ్య పట్టి అమ్మడానికి) ఇంకా 40 రోజులైనా ఉంది. "కాస్త ఫోను పక్కన పెట్టండి" అనే సలహా కాకుండా, చెరువుకి ముప్పు లేకుండా రోజుకి ఆరున్నర, ఏడు గంటల నిద్ర ఎలా కుదురుతుందో తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

---

నీటిలెక్క

గీతలు పెట్టి లెక్క చూసుకోవడం మంచి పనండి. ఇంకో లెక్క కూడా నేర్చుకుంటే మీ రాత్రుల్లో సగం మీకే దక్కుతాయి. ఏ రాత్రి కాపలా గట్టిగా కావాలో, ఏ రాత్రి అక్కర్లేదో పొద్దుగూకేసరికే చాలావరకు తెలిసిపోతుంది.

పగలు నీళ్ళలోని పచ్చదనం (కంటికి ఆనని నాచు) ఆక్సిజన్ చేస్తుంది. రాత్రి ఆ పచ్చదనమే రొయ్యతో, అడుగు మట్టితో కలిసి దాన్ని తినేస్తుంది. అందుకే డీవో సాయంత్రం ఎక్కువగా ఉండి, తెల్లవారుజామున, సూర్యుడు రావడానికి కాస్త ముందు, అన్నిటికంటే కిందికి పోతుంది. ఈ దిగడం ఇంచుమించు తిన్నగా గీత గీసినట్టే ఉంటుంది. కాబట్టి రెండు చుక్కలు దొరికితే మూడో చుక్క మనమే పెట్టుకోవచ్చు.

పొద్దుగూకగానే ఒకసారి కొలవండి. మూడు గంటల తర్వాత అదే చోట, అదే లోతులో, అడుగు నుంచి ఒక అడుగు ఎత్తున, మళ్ళీ కొలవండి. ఉదాహరణకి 6:30కి 8.0, 9:30కి 6.8 అనుకుందాం. మూడు గంటల్లో 1.2 తగ్గింది, అంటే గంటకి 0.4. తెల్లవారి 5:30కి ఇంకా 8 గంటలుంది. 8 × 0.4 = 3.2. కాబట్టి 6.8 లోంచి 3.2 తీసేస్తే 3.6. తెల్లవారుజామున ఆ చెరువులో డీవో ఆ దరిదాపుల్లో ఉంటుంది.

నా మట్టుకు గీతలు ఇవి. 4.5 పైన వస్తే ఆ చెరువుకి లేవక్కర్లేదు, సైరన్ ఉంటే చాలు. 3.5కీ 4.5కీ మధ్య వస్తే మిగతా ఏరేటర్లు (నీళ్ళు చిలికి గాలి కలిపే మోటార్లు) రాత్రి 11 నుంచి టైమరు మీద తిరగాలి, 3 గంటలకి ఒక్కసారి చూడాలి. 3.5 కంటే కిందికొస్తే పడుకునే ముందే అన్నీ తిప్పేసి, ఒక మనిషి మెలకువగా ఉండాల్సిందే. పై ఉదాహరణలో 3.6 అంటే అంచు మీదే ఉంది, 3 గంటల చూపు తప్పనిసరి.

ఒక జాగ్రత్త. రెండు కొలతల మధ్యా ఏరేటర్ల సంఖ్య మారకూడదు. 7 గంటలకి రెండు తిప్పి 8కి ఇంకో రెండు కలిపితే గీత వంకరైపోతుంది, లెక్క పనికిరాదు. డీవో తగ్గేకొద్దీ ఏరేటరు నీళ్ళలోకి ఎక్కించే ఆక్సిజన్ పెరుగుతుంది కాబట్టి, మామూలు రాత్రుల్లో అసలు అంకె మన లెక్క కంటే కొంచెం పైనే ఉంటుంది. తప్పు జరిగినా మనకి మేలు చేసే వైపే జరుగుతుంది.

లెక్క మోసం చేసే రాత్రులు కూడా ఉన్నాయి, అవి గుర్తుపెట్టుకోండి. నీళ్ళ రంగు ఒక్క రోజులో విరిగిపోయి, నురగ కట్టి, గాలివాటు మూలకి పచ్చటి మీగడ చేరితే పచ్చదనం చచ్చిపోతోందని అర్థం. ఆ రాత్రి గీత ఎక్కడ పడిపోతుందో ఎవరూ చెప్పలేరు. పెద్ద వాన పడితే మంచినీళ్ళు పైన, ఉప్పునీళ్ళు కింద పొరలుగా నిలబడతాయి, పైన 6 చూపిస్తూ అడుగున రొయ్యకి ఊపిరాడదు. రెండు మూడు రోజులు మబ్బు పట్టి ఉంటే సాయంత్రం అంకే 5 దాటదు, దాంతో తెల్లవారుజాము దాకా లాక్కురావడం కష్టం. ఈ మూడిట్లో ఏది కనపడినా లెక్క పక్కన పెట్టి కాపలా ఉండండి.

ఇంకో మాట. ఏరేటర్లు చాలకపోతే ఏ యాప్ పెట్టినా నిద్ర రాదు. ఇప్పుడు మీ ఎకరంలో లక్షన్నరకి 85 శాతం బతికి 10 గ్రాములుంటే సుమారు 1,275 కిలోలు. 450 కిలోలకి ఒక హెచ్‌పీ చొప్పున ఎకరానికి దాదాపు 3 హెచ్‌పీ. 90వ రోజుకి 80 శాతం, 18 గ్రాములనుకుంటే 2,160 కిలోలు, అంటే దగ్గర దగ్గర 5 హెచ్‌పీ. ఆ తేడా 75వ రోజు లోపల నీళ్ళలో దించేయండి. చివరి నెలలో నిద్ర కరువయ్యేది ఎక్కువగా ఇక్కడే.

మేత వేళలు కూడా చూసుకోండి. రాత్రి 9, 10 గంటల మేత ఉంటే దాని చెక్ ట్రే (రొయ్య మేత తిన్నదో లేదో చూసే పళ్ళెం) చూసేసరికి అర్ధరాత్రి అవుతుంది. పైగా సరిగ్గా డీవో దిగే వేళకి రొయ్య మేత అరిగించుకుంటూ ఆక్సిజన్ ఎక్కువ లాగుతుంది. 6, 10, 2, 6 గంటలకి మార్చేస్తే ఆఖరి ట్రే 8కల్లా చూసేయొచ్చు. ఒక్కసారిగా కాదు, నాలుగైదు రోజుల్లో కొంచెం కొంచెంగా ముందుకి జరపండి.

---

మూడుఫేజులు

నీటిలెక్క గారి మాట పట్టుకునే చెబుతానండి. లెక్క బాగున్న రాత్రి కూడా కరెంటు పోతే అంతా తారుమారే. కాబట్టి నిద్రపోయే మనిషికి ముందు కావాల్సింది చెరువు దగ్గరే మోగే సైరన్. ఫోను కాల్ దాని తర్వాత. కరెంటు ఎక్కువసేపు పోతే సెల్ టవరు బ్యాటరీ కూడా అయిపోతుంది, సరిగ్గా అవసరమైనప్పుడే కాల్ రాదు. సిమ్ము రీచార్జి గడువు అయిపోయినా అంతే. 28 రోజుల ప్యాక్ వేసినవాళ్ళు ఏడాదికి 13 సార్లు గుర్తుపెట్టుకోవాలి, ఒక్కసారి మరిచినా ప్యానెల్ మూగదే.

సైరనుకి కావాల్సినవి: 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఒకటి, దానికి చిన్న చార్జరు, 12 వోల్టుల సైరన్, ఒక ఫేజ్ ఫెయిల్యూర్ రిలే. చాలామంది మూడు ఫేజులకీ మూడు 230 వోల్టుల మామూలు రిలేలు పెట్టి, కరెంటు లేనప్పుడు కలిసే కాంటాక్టులు సైరనుకి కలుపుతారు. మొత్తం కరెంటు పోతే అది బాగానే మోగుతుంది. ఒక్క ఫేజే పోతే మాత్రం మోసపోతాం. అప్పటికే తిరుగుతున్న మోటార్లు పోయిన ఫేజులోకి వెనక నుంచి వోల్టేజి తోస్తాయి, ఆ వోల్టేజితో రిలే పడిపోకుండా పట్టుకునే ఉంటుంది. సైరన్ మోగదు, మోటార్లు మూలుగుతూ కాలిపోతాయి. అందుకే మూడు ఫేజుల మధ్య తేడా చూసే రిలే కావాలి. ధర కాస్త ఎక్కువైనా రెండు మోటార్లు చుట్టించే ఖర్చుతో పోలిస్తే ఏమీ కాదు.

కరెంటు ఉండి కూడా ఒక ఏరేటరు ఓవర్‌లోడుకి ట్రిప్ అయితే? పాచి చుట్టుకున్నా, గేరుబాక్సులో ఆయిలు అయిపోయినా ఇది జరుగుతుంది. స్టార్టరు ఓవర్‌లోడు రిలేలో ట్రిప్ అయినప్పుడు కలిసే కాంటాక్టు ఒకటి ఉంటుంది (మామూలుగా 97, 98 అని అంకెలుంటాయి). అన్ని స్టార్టర్ల నుంచీ ఆ వైర్లు తెచ్చి అదే సైరనుకి కలిపేయండి.

కరెంటు వచ్చాక ఒక్కో స్టార్టరూ నొక్కడానికి లేవకుండా ఆటో స్టార్టు పెట్టుకోవచ్చు. అన్నీ ఒకేసారి లేవకూడదు. మోటారు లేచేటప్పుడు మామూలు కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది, జనరేటరు మీద ఉంటే అన్నీ కలిసి దాన్ని పడేస్తాయి. ఒక్కోదానికీ 10, 15 సెకన్ల తేడా పెట్టండి. ఆటో స్టార్టు పెట్టిన చెరువులో ఎవరైనా ఏరేటరు దగ్గరికి దిగేముందు ఆ మోటారు ఐసొలేటరు (కరెంటు తెంపే స్విచ్చి) ఆపి తాళం వేయాలి, తాళంచెవి దిగినవాడి జేబులో ఉండాలి. బోర్డులో 30 మిల్లీఆంపుల లీకేజి బ్రేకరు లేకపోతే ముందు అది పెట్టించి తర్వాత మిగతావి ఆలోచించండి. నిద్రకళ్ళతో తడి చేతులతో బోర్డు ముట్టుకునే చోట ఇది తప్పదు.

వారానికి ఒకసారి, ఆదివారం మధ్యాహ్నం అనుకోండి, మెయిను ఆపి చూడండి. సైరన్ వెంటనే మోగాలి, జనరేటరు ఎన్ని సెకన్లకి లోడు తీసుకుందో, కాల్ ఎన్ని సెకన్లకి వచ్చిందో గోడ మీద రాయండి. ఏదో ఒక వారం ఏదో ఒకటి పలకదు. అది పగలు తెలియడమే మేలు.

---

కీప్యాడ్

ఫోను సంగతి నేను చెబుతానండి. సైరను, రిలే అన్నీ పెట్టాక కూడా పడుకున్న మనిషి దిండు పక్కన మోగే వస్తువు ఒకటుంటే దానికి ఒక్కటే పని ఉండాలి. ఒక చిన్న బటన్ ఫోను కొనండి. మీ చెరువు దగ్గర ఏ కంపెనీ సిగ్నల్ బలంగా ఉంటుందో ఆ సిమ్ము వేయండి (4జీ మాత్రమే నడిచే సిమ్మయితే ఫోనూ 4జీదే కావాలి). ఆ నంబరు మూడింటికే తెలియాలి: కరెంటు ప్యానెల్, కాపలా కుర్రాడు, ఇంట్లో ఒకరు. మేత డీలరుకి, కొనుగోలుదారుకి ఆ నంబరు ఇవ్వొద్దు. పెద్ద ఫోను వేరే గదిలో చార్జింగులో ఉంటుంది.

డీవో యాప్ పెద్ద ఫోనులోనే ఉంది కదా అంటారా? చాలా ప్యానెళ్ళలో కాల్ వెళ్ళే ఏర్పాటు కూడా ఉంటుంది, దాన్ని బటన్ ఫోనుకి కలపండి. అది లేకపోతే యాప్ ఉన్న ఫోను కాపలా ఉన్న మనిషి చేతికి ఇవ్వండి. అది పడుకున్నవాడి దగ్గర ఉండకూడదు.

పెద్ద ఫోను తప్పదు అనుకుంటే సెట్టింగుల్లో డు నాట్ డిస్టర్బ్ రాత్రి 8:30 నుంచి పెట్టి, స్టార్ గుర్తు పెట్టిన నంబర్లకి మాత్రం దారి ఇవ్వండి. అక్కడే "రిపీట్ కాలర్స్" అని ఉంటుంది, 15 నిమిషాల్లో అదే నంబరు రెండోసారి చేస్తే మోగుతుంది. నిద్ర కోసమైతే దాన్ని ఆపేయడమే మంచిది, మేత అప్పు గురించి అడిగేవాళ్ళూ రెండుసార్లు చేస్తారు. ఆ డీవో యాప్‌ని మినహాయింపుల్లో చేర్చండి. తర్వాత బ్యాటరీ సెట్టింగులో ఆ ఒక్క యాప్‌కి "అన్‌రిస్ట్రిక్టెడ్" పెట్టండి. ఇది చేయనివాళ్ళే ఎక్కువ. బ్యాటరీ మిగల్చడానికి ఫోనే అర్ధరాత్రి ఆ యాప్‌ని నిద్రపుచ్చేస్తుంది, తెల్లారాక అలర్టులన్నీ గుత్తిగా వచ్చి పడతాయి.

యాప్ లోపల మోత రెండు మెట్లుగా చేయండి. 4.0కి వస్తే రాతలో సందేశం చాలు. 3.3 కంటే తగ్గి, అలా వరసగా 10 నిమిషాలు నిలిస్తేనే మోగాలి. ఒక్క రీడింగుకే మోగేలా ఉంటే ప్రోబు (మీటరుకి నీళ్ళలో ఉండే కొన) ముందు బుడగ పోయినా లేపేస్తుంది. ప్రోబుకి పాచి పట్టినా డీవో లేనిపోని తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే ఆ పాచి తానే ఆక్సిజన్ తినేస్తూ ఉంటుంది. మెత్తటి గుడ్డతో రెండు మూడు రోజులకోసారి తుడవండి, గోకకండి. అసలు చాలా ఇళ్ళల్లో అర్ధరాత్రి లేపేది ఈ పాచే.

సీసీ కెమెరా కదలిక అలర్టు గట్టంతటికీ కాకుండా బోర్డు గది తలుపు, మేత గోడౌను తలుపు వరకే గీత గీసి పెట్టండి. ఆ సౌకర్యం చాలా కెమెరాల్లో ఉంది.

వాట్సాప్ గ్రూపుల్లో వాతావరణం గ్రూపు ఒక్కటి ఉంచి మిగతా 13 "ఎల్లప్పుడూ" మ్యూట్ చేసి ఆర్కైవులో పడేయండి. 8 గంటలు, వారం అని ఉండే వాటిని నొక్కితే మళ్ళీ మొదటికే వస్తారు. రేట్లు రోజుకి రెండుసార్లు, ఉదయం 10కి, సాయంత్రం 5కి, కూర్చుని చూడండి. పట్టుబడికి పది రోజుల ముందు దాకా అర్ధరాత్రి రేటు తెలిసినా చేసేదేమీ లేదు కదా.

---

ఉండి_గట్టు

అందరికీ చాలా ధన్యవాదాలండి. ఈ సాయంత్రమే మూడు చెరువులకీ గీత గీశాం: 4.7, 4.4, 3.4. మూడోది ఇంత కింద ఉందని ఇప్పుడే తెలిసింది, అందులో అన్నీ తిప్పేశాం.

ఇప్పుడు మనుషుల సంగతి. ఇప్పటిదాకా రోజు మార్చి రోజు కాపలా కాస్తున్నాం. ఒక రాత్రి నేను పూర్తిగా, మర్నాడు కుర్రాడు పూర్తిగా. నాన్నగారు 4 గంటలకి వచ్చి ఒక చుట్టు తిరుగుతారు. ఇది సరైనదేనా? టీలు ఎక్కువైపోయాయి, అదీ చెప్పండి.

---

రాత్రిపాళి

రోజు మార్చి రోజు పద్ధతి మానేయండి, అన్నిటికంటే ఎక్కువ అలిసేది అందులోనే. ఒంట్లో గడియారం రోజుకి ఒక గంటకి మించి జరగలేదు. ఒక రాత్రి మెలకువ, మర్నాడు నిద్ర అంటే దానికి ఏ వేళ ఏమిటో ఎప్పటికీ తెలియదు, మంచం ఎక్కినా నిద్ర పట్టదు. రాత్రిని రెండు ముక్కలు చేసి, ఎవరి ముక్క వారికి కనీసం రెండు వారాలు మారకుండా ఉంచండి.

మీ ఇద్దరికీ ఇలా కుదురుతుంది. ఒకరు రాత్రి 8:30 నుంచి 1:30 దాకా పడుకుంటారు, 1:45కి కాపలా అందుకుని 6:30 దాకా ఉంటారు. రెండోవారు 1:45 దాకా కాపలా ఉండి, 2 నుంచి 7 దాకా పడుకుంటారు. ఇద్దరికీ రాత్రి ఐదేసి గంటలు ఒకే ముక్కగా వస్తాయి. దానికి పగలు గంటన్నర కలపాలి. 12:15 నుంచి 1:45 మంచి వేళ: 10 గంటల మేత ట్రే చూడటం అయిపోతుంది, 2 గంటల మేతకి లేవొచ్చు. భోజనానికి ముందే పడుకోండి, లేదా తక్కువ తిని పడుకోండి. మొత్తం ఆరున్నర గంటలు.

ఐదు గంటలు ఒకే ముక్కగా అని ఎందుకంటున్నానంటే, గాఢనిద్ర ఎక్కువ భాగం మొదటి మూడు గంటల్లోనే వస్తుంది. నిద్ర సుమారు తొంభై నిమిషాల చుట్లుగా నడుస్తుంది. గంటకోసారి లేపితే ఒక్క చుట్టూ పూర్తవదు. ఆరు గంటలు మంచం మీద ఉన్నా ఒళ్ళు తేలికపడదు.

కాపలా చేతులు మారే ఆ 15 నిమిషాలు తగ్గించకండి. నిద్ర లేచిన వెంటనే మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు గానీ బుర్ర ఇంకా లేవదు. ముఖం కడుక్కుని, దీపం వెలుగులో కూర్చుని, ఏ చెరువులో ఎంత డీవో, ఏ ఏరేటరు ఆగి ఉంది, జనరేటరులో డీజిలెంత అని పలక మీద రాసింది చదువుకోవాలి. ఆ 15 నిమిషాలు బోర్డు ముట్టుకోకూడదు.

చెరువులో డీవో అట్టడుగుకి వెళ్ళే వేళా, మనిషి ఒంట్లో చురుకు అట్టడుగుకి వెళ్ళే వేళా ఇంచుమించు ఒకటే, తెల్లవారుజామున 3 నుంచి 6 లోపల. అందుకే ముందురాత్రి నుంచీ మేలుకుని ఉన్న మనిషి ఆ వేళ కాపలా ఉండటం పనికిరాదు. అప్పటికి ఐదు గంటలు పడుకుని లేచినవాడే ఉండాలి. పొద్దున 10కి లేచి తెల్లవారి 3 దాకా మేలుకుంటే 17 గంటలవుతాయి. ఆ స్థితిలో చేతి చురుకు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానం. మన దేశంలో బండి నడపడానికి హద్దు 0.03. కాలువ గట్టు మీద బండి వేసుకుని ఇంటికి బయల్దేరే ముందు ఇది తలుచుకోండి. తెల్లారాక చెరువు మీది మకాంలోనే (కాపలా పాకలోనే) పడుకుని, లేచాక వెళ్ళండి.

టీ సంగతి. ఒంట్లో చేరిన కెఫీన్ సగం దిగడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. 8:30కి పడుకునేవారికి ఆఖరి టీ మధ్యాహ్నం 2:30కి. 2 గంటలకి పడుకునేవారికి రాత్రి 8కి. కాపలా ఎక్కేటప్పుడు ఒక కప్పు పూర్తిగా తాగండి, ఆ పాళిలో రెండోది వద్దు. నిద్ర ఆపుకోలేకపోతే మరో టీ కంటే, రెండో మనిషిని లేపి కూర్చోబెట్టి 20 నిమిషాలు కునుకు తీయడం మేలు. 20 దాటితే గాఢనిద్రలోకి జారి, లేచాక ఇంకా మత్తుగా ఉంటుంది.

పడుకునే చోటు గురించి నాలుగు మాటలు. జనరేటరు గది గోడకి ఆనుకుని పడుకోకండి, పొగగొట్టం గాలివాటుకి ఎదురుగా మకాం ఉండకూడదు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు, నిద్రలోనే తీసుకుపోతుంది. నేల మీద చాప వేసుకోవద్దు, మంచం ఉండాలి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపాలి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళనే కాటేస్తుంది, కాటు నొప్పి కూడా అంతగా తెలియదు. పగటి నిద్రకి తాటాకు పాకైతే రేకుల షెడ్డు కంటే చల్లగా ఉంటుంది. రేకులే ఉంటే పైన కొబ్బరాకులు మందంగా పరిచి తడపండి. కిటికీకి నల్లగుడ్డ కట్టండి. ఏరేటర్ల హోరు ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి నిద్రకి అడ్డం కాదు, అది ఆగితేనే మెలకువ వస్తుంది.

నాన్నగారిని 2 నుంచి 6:30 పాళిలో పెట్టండి. పెద్దవాళ్ళకి పెందరాళే నిద్ర పడుతుంది, పెందరాళే మెలకువ వస్తుంది, వారికి అది అలవాటు వేళే.

---

నీటిలెక్క

అన్నీ బాగానే చెప్పారు గానీ ఆఖరి మాటకి నేను ఒప్పుకోనండి. సుగరున్న పెద్దాయన తెల్లవారుజామున ఖాళీ కడుపుతో, ఒంటరిగా, తడి గట్టు మీద మూడు చెరువులు చుట్టడమా? మందు వేసుకున్నవారికి ఆ వేళ సుగరు పడిపోతే గట్టు మీద ఎవరు చూస్తారు? ఆయనకి సాయంత్రం పని ఇవ్వండి. పొద్దుగూకాక ఒక కొలత, 9:30కి ఒక కొలత, గీత గీయడం, పలక మీద రాయడం. అనుభవం కావాల్సింది అక్కడే, నీళ్ళ రంగు విరిగిందో లేదో ఆయన కన్ను కనిపెట్టినట్టు కుర్రాడి కన్ను కనిపెట్టలేదు. ఇక 10 నుంచి ఆయన ఇంట్లో నిద్రపోవాలి, 4 గంటల చుట్టు మానేయాలి.

---

రాత్రిపాళి

ఔనండి, అది నేను ఆలోచించకుండా రాశాను. నీటిలెక్క గారు చెప్పినట్టే చేయండి. రాత్రి వేళలు మారితే సుగరు మందుల వేళలూ మారతాయి, డాక్టరుని అడగకుండా ఆయన్ని ఏ రాత్రి పాళిలోనూ పెట్టొద్దు. మీ ఇద్దరిలో ఎవరైనా గట్టిగా గురక పెడుతూ, ఏడు గంటలు పడుకున్నా పగలు కూర్చున్నచోటే కునికిపాట్లు పడుతుంటే అది కాపలా అలసట కాకపోవచ్చు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందేమో పరీక్ష చేయించాలి. నిద్రమాత్రలు మాత్రం వద్దు, సైరన్ వినపడదు.

ఇంట్లో ఆడవాళ్ళ నిద్ర కూడా లెక్కలో పెట్టండి. 2 గంటలకి ఒకరు వెళ్ళి, 7కి ఒకరు వచ్చి, మధ్యలో టీ అంటే వాళ్ళ రాత్రి కూడా మూడు ముక్కలవుతుంది. చేతులు మారేది మకాంలోనే జరగాలి, టీ ఫ్లాస్కులో సాయంత్రమే వెళ్ళిపోవాలి.

---

ఉండి_గట్టు

అలాగే చేస్తామండి. ఆఖరిగా ఒకటి. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున ఈ పాళీలు నిలవవు కదా, ఆ రాత్రి ఇద్దరం మేలుకోవాల్సిందే. దానికి ముందే ఏం చేసుకోవాలి?

---

రాత్రిపాళి

ముందు రోజు మధ్యాహ్నం ఇద్దరూ విడివిడిగా గంటన్నర చొప్పున పడుకోండి, ఒకరు 12 నుంచి, ఒకరు 2 నుంచి. ముందే పడుకున్న నిద్ర ఆ రాత్రికి కొంత ఆసరా ఇస్తుంది. రాత్రి కూడా ఇద్దరూ ఒకేసారి మేలుకోకండి. ఒకరు చెప్పులతో, టార్చితో సిద్ధంగా మంచం మీద ఒరగాలి, రెండోవారు కూర్చోవాలి, రెండేసి గంటలకి మారాలి. గాలి తగ్గిన మర్నాడు ఇద్దరూ ఒకేసారి పడిపోతారు, ఆ రోజుకి చుట్టుపక్కల రైతుల్లో ఒకరి మనిషిని ముందే అడిగి పెట్టుకోండి. ఏదో ఒక రోజు వారికీ మీరు పంపొచ్చు.

---

మూడుఫేజులు

మేత ఆ రోజు మధ్యాహ్నం నుంచే బాగా తగ్గించండి, ఆక్సిజన్ ఖర్చు తగ్గుతుంది. ఏరేటర్ల తాళ్ళు, గట్టు మీద మేకులు పగలే బిగించండి, పగలు అరగంట పని రాత్రి రెండు గంటలవుతుంది.

డీజిల్ లెక్క: మీ 6 ఎకరాలకి 18 హెచ్‌పీ అంటే సుమారు 16 కిలోవాట్ల లోడు, గంటకి నాలుగున్నర, అయిదు లీటర్లు. 24 గంటలకి 120 లీటర్లు దగ్గర పెట్టుకోండి. ట్యాంకు ఎప్పుడు నిండుతుందో, ఎన్ని గంటలకి అయిపోతుందో పలక మీద రాస్తే దాన్ని చూడటానికి ఎవరూ లేవక్కర్లేదు, గడియారం చూసుకుంటే చాలు. డ్రమ్ము మూత కింద రబ్బరు వాషరు ఉందో లేదో చూడండి. వాన నీళ్ళు డీజిల్లో దిగితే జనరేటరు సరిగ్గా అర్ధరాత్రి ఆగుతుంది. నీళ్ళు వేరుచేసే ఫిల్టరు గిన్నె అడుగున ఉన్న బిరడా సాయంత్రం ఒకసారి వదులు చేసి, అడుగున చేరిన నీళ్ళు పోయాక మళ్ళీ బిగించండి. చేతి పంపుతో గాలి తీసే పద్ధతి కుర్రాడికి పగలే రెండుసార్లు చేయించండి, వానలో టార్చి పట్టుకుని నేర్పేది కాదు అది.